ఎముక అతికాక కూడా చెయ్యి మండుతోందంటే నమ్మండి

సంపాదకుల వారికి నమస్కారం.

ఉద్దానం కిడ్నీ రోగుల గురించి మీ జిల్లా పేజీల్లో ఏళ్ల తరబడి రాస్తూనే ఉన్నారు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి మొదలైందంటే అందులో పత్రికల ఒత్తిడికీ భాగం ఉందని నేను గట్టిగా నమ్ముతాను. అందుకే ఈ ఉత్తరం మీకు రాస్తున్నాను. ఇదే ప్రాంతంలో ఇంకో బాధ ఉంది. దానివల్ల ఎవరూ చనిపోరు, దానికి డయాలసిస్ లెక్కలు ఉండవు, కాబట్టి అది వార్త కావడం లేదు. దెబ్బ తగిలి, ఎముక విరిగి, కట్టు కట్టి, ఎముక అతుక్కున్న తర్వాత కూడా ఆ చెయ్యో ఆ కాలో నెలల తరబడి, కొందరికి ఏళ్ల తరబడి మండుతూ సలుపుతూ ఉండిపోతుంది. "ఎక్స్‌రే బాగుంది, నీకేం లేదు" అనిపించుకుని ఇంటికి వచ్చి, ఇంట్లోనూ అదే మాట పడేవాళ్లు మన ఊళ్లలో చాలామంది ఉన్నారు.

నేను కాశీబుగ్గలో ఉంటాను. జిల్లా పరిషత్ హైస్కూళ్లలో జీవశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. పదో తరగతి పిల్లలకి నాడీ వ్యవస్థ పాఠం చెప్పినదాన్ని కాబట్టి, ఈ జబ్బు నా చేతికే వచ్చినప్పుడు దాని గురించి చదివి అర్థం చేసుకునే వీలు నాకు దొరికింది. మా వీధిలోంచి జీడిపిక్కల పనికి వెళ్లే ఆడవాళ్లకి ఆ వీలు లేదు. ఈ ఉత్తరం వాళ్ల తరఫున కూడా.

వానాకాలంలో పెరట్లో పాచి మీద కాలు జారి, కుడి అరచెయ్యి నేలకి ఆనించి పడ్డాను. మణికట్టు దగ్గర ఎముక విరిగింది. సిమెంటు కట్టు వేశారు. కట్టు విప్పాక డాక్టరు గారు ఎక్స్‌రే చూసి చక్కగా అతికిందన్నారు. అతికిన మాట నిజమే. చెయ్యి మాత్రం నాది కాదన్నట్టు ఉంది. ఎప్పుడూ మంట, వాపు. ఒక పూట ఎర్రబడి వేడిగా ఉండేది, ఇంకో పూట నీలంగా మారి చల్లబడేది. ఊరికే అరచెయ్యి చెమట పట్టేది. ఆ చేతి గోళ్లు ఎడమ చేతి గోళ్లలా పెరగలేదు. చీర కొంగు తగిలితే ఓర్చుకోలేకపోయేదాన్ని. ఫ్యాను గాలి కూడా పడేది కాదు. వేళ్లు ముడుచుకోక అన్నం కలుపుకోవడం కుదరక చెంచాతో తిన్నాను. పెళ్లిళ్లకి, పేరంటాలకి వెళ్లడం మానేశాను. చెంచా అడగాలన్న మొహమాటం కాదు, ఎవరైనా ఆప్యాయంగా చెయ్యి పట్టుకుంటారేమోనన్న భయం.

మళ్లీ డాక్టరు గారికి చూపించాను. మళ్లీ ఎక్స్‌రే. మళ్లీ నార్మల్. వేరే ఊళ్లో ఇంకో డాక్టరు "టెన్షన్ ఎక్కువ పెట్టుకుంటున్నారు మేడమ్, రిటైరయ్యాక కొందరికి ఇలాగే ఉంటుంది" అన్నారు. చదువుకున్నదాన్ని, పెన్షన్ వచ్చేదాన్ని నాతోనే అలా అన్నారంటే రోజు కూలీ మనిషితో ఎలా మాట్లాడతారో ఊహించుకోండి. చివరికి విశాఖపట్నంలో ఒక ఫిజియోథెరపిస్టు అమ్మాయి నా రెండు చేతులూ బల్ల మీద పక్కపక్కన పెట్టించి, ముట్టుకోకుండా చాలాసేపు చూసి, జబ్బు పేరు చెప్పింది. కాంప్లెక్స్ రీజనల్ పెయిన్ సిండ్రోమ్. పొట్టిగా సీఆర్‌పీఎస్ అంటారు. ఆ తర్వాత ఒక డాక్టరు కూడా పరీక్షించి అదేనన్నారు. జబ్బుకి ఒక పేరుందని తెలిసిన రోజు నేను ఏడ్చాను. బాధతో కాదు. ఇది నా కల్పన కాదని ఒకరు చెప్పినందుకు.

ఇదేమీ నిన్న మొన్నటి జబ్బు కాదు. 1861 నుంచి 1865 దాకా అమెరికాలో జరిగిన అంతర్యుద్ధంలో తూటా గాయాలు మానిన సైనికుల చేతులూ కాళ్లూ భగభగ మండుతూ ఉండిపోవడం సైలాస్ వీయర్ మిచెల్ అనే డాక్టరు చూసి వివరంగా రాసిపెట్టాడు. తడిగుడ్డ చుట్టుకుని తిరిగేవారట ఆ సైనికులు. కాగితం చప్పుడుకి కూడా నొప్పి రేగేదట. తర్వాత దీనికి రకరకాల పేర్లు పెట్టారు. ఇప్పుడున్న పేరును నొప్పి మీద పనిచేసే అంతర్జాతీయ సంఘం 1994లో ఖాయం చేసింది. మగవాళ్లకన్నా ఆడవాళ్లకి, కాళ్లకన్నా చేతులకి ఎక్కువ వస్తుంది. ఎక్కువగా ఎముక విరిగాకే వస్తుంది గానీ చిన్న బెణుకు తర్వాత, ఆపరేషన్ తర్వాత కూడా రావచ్చు. తగిలిన దెబ్బకీ పడే నొప్పికీ పొంతన లేకపోవడమే దీని మొదటి గుర్తు.

మరి ఎముక అతికాక ఆ మంట ఎక్కడి నుంచి వస్తోంది? జీవశాస్త్రం టీచర్ని కాబట్టి ఈ ప్రశ్న నన్ను నిద్రపోనివ్వలేదు. (నిద్ర ఎలాగూ లేదు.) తెలుసుకున్నది ఇక్కడ రాస్తాను. ఇది తెలిస్తేనే వైద్యం ఎందుకు వేరుగా ఉండాలో అర్థమవుతుంది.

నొప్పి గాయంలో పుట్టి నేరుగా పైకి పోయే సంగతి కాదు. గాయం నుంచి నరాలు కబురు మాత్రమే తీసుకెళ్తాయి. ఆ కబురు మొదట వెన్నుపాములో ఆగుతుంది, అక్కడి నుంచి మెదడుకి వెళ్తుంది, దాన్ని ఎంత నొప్పిగా అనుభవించాలో మెదడు తేలుస్తుంది. వెన్నుపాము దగ్గర ఆ కబురును పెంచే, తగ్గించే ఏర్పాటు ఒకటి ఉందని 1965లోనే రోనాల్డ్ మెల్జాక్, పాట్రిక్ వాల్ అనే ఇద్దరు చెప్పారు. దెబ్బ కబుర్లు ఆగకుండా వస్తూ ఉంటే వెన్నుపాములోని నాడీకణాలు అతిగా స్పందించడం మొదలుపెడతాయని 1983లో క్లిఫర్డ్ వుల్ఫ్ చూపించాడు. అప్పుడు మామూలు స్పర్శ కూడా నొప్పిగానే పైకి వెళ్తుంది. దొంగ వెళ్లిపోయినా తెల్లవార్లూ మొరుగుతూనే ఉండే కుక్క లాంటిదన్నమాట ఆ నాడి. కుక్క అబద్ధం కాదు, మొరగడమూ అబద్ధం కాదు, దొంగ మాత్రం లేడు. నా చీర కొంగు సంగతి నాకు అక్కడ అర్థమైంది.

ఇక మెదడు. మన ఒంటికి మెదడు పైపొరలో ఒక పటం ఉంటుంది. కెనడాలోని మాంట్రియల్‌లో వైల్డర్ పెన్‌ఫీల్డ్ అనే శస్త్రవైద్యుడు 1930లలో దాన్ని గీశాడు. మెదడుకి దానికదిగా నొప్పి తెలియదు కాబట్టి రోగి మెలకువగా ఉండగానే ఆపరేషన్ చేస్తూ, మెదడు మీద సన్నటి కరెంటుతో అక్కడక్కడా తాకి "ఎక్కడ తెలుస్తోంది?" అని అడిగేవాడు. ఒకచోట తాకితే బొటనవేలు, దాని పక్కన తాకితే చూపుడువేలు, బొటనవేలికి రెండో వైపు ఇంకొంచెం అవతల పెదవి. ఆ పటంలో వీపుకీ పొట్టకీ దక్కిన చోటు చాలా తక్కువ. చేతికీ పెదవులకీ చాలా ఎక్కువ. చేతివేళ్లతో బతికే మనుషులం కాబట్టి మెదడు వాటికి అంత చోటిచ్చింది.

సీఆర్‌పీఎస్ ఉన్నవాళ్ల మెదడులో ఆ చేతి చోటు కుదించుకుపోయినట్టు 2003లో జర్మనీ పరిశోధకులు కొలిచి చూపించారు. బొటనవేలి చోటుకీ చిటికెనవేలి చోటుకీ మధ్య దూరం బాగున్న చేతితో పోలిస్తే తగ్గింది. నొప్పి ఎక్కువ ఉన్నవాళ్లలో ఆ కుదింపు కూడా ఎక్కువ ఉంది. ఆ మరుసటి ఏడాది అదే బృందం చెప్పిన విషయం నాకు ప్రాణం పోసింది. వైద్యంతో నొప్పి తగ్గినవాళ్లలో ఆ పటం మళ్లీ విచ్చుకుంది.

విశాఖలో ఆ అమ్మాయి చేసిన పరీక్షలు గుర్తొచ్చి ఒళ్లు జలదరించింది. కళ్లు మూసుకుని నా కుడిచెయ్యి ఎంత ఉందో ఎడమచేత్తో చూపించమంది. ఉన్నదానికన్నా చాలా పెద్దగా చూపించాను. అట్టముక్కల మీద చేతుల ఫొటోలు ఒక్కొక్కటీ చూపించి ఇది కుడా ఎడమా చెప్పమంది. ఎడమచేతి బొమ్మలు టక్కున చెప్పాను. కుడిచేతి బొమ్మ వస్తే తడుముకున్నాను. రెండు మొనలతో వేలి మీద ఒకేసారి తాకితే నాకు ఒక మొనగానే తెలిసింది. తెలివితక్కువతనం కాదమ్మా, మెదడులో ఆ చేతి గీతలు అలుక్కుపోయాయి అంతే అని చెప్పింది.

మార్పులు ఆ పటానికే పరిమితం కావు. నొప్పిని అనుభవించడంలో భయానికీ, జ్ఞాపకానికీ, శ్రద్ధకీ సంబంధించిన భాగాలు కూడా పాలుపంచుకుంటాయి. అందుకే నిద్ర లేని రాత్రి తర్వాత, ఇంట్లో గొడవ తర్వాత మంట పెరుగుతుంది. టెన్షన్ అన్న డాక్టరు గారి మాటలో ఇంతవరకు నిజం ఉంది, నేను కాదనను. కానీ టెన్షన్ నొప్పిని పెంచగలదంటే నొప్పి టెన్షన్‌లోంచే పుట్టిందని అర్థం కాదు. మెదడులో మార్పు వచ్చిందంటే మనసు కల్పించుకుందని అంతకన్నా కాదు. పక్షవాతం వచ్చిన మనిషికి జబ్బు మెదడులోనే ఉంటుంది, ఆయన్ని ఎవరూ నటిస్తున్నాడనరు కదా! నొప్పి కనిపించదు కాబట్టి ఈ మాట అనగలుగుతున్నారు.

తుంటి కీలు అరిగి ఏళ్ల తరబడి నొప్పి పడినవాళ్ల సంగతి ఇంకొకటి ఉంది. వాళ్ల మెదడులో కొన్ని చోట్ల బూడిద పదార్థం (గ్రే మ్యాటర్, అంటే నాడీకణాలు గుమిగూడి ఉండే భాగం) తగ్గి ఉందని, కీలు మార్పిడి చేశాక నొప్పి పోయినవాళ్లలో అది మళ్లీ పెరిగిందని 2009లో జర్మనీలోనే ఇంకో బృందం స్కానింగ్ చేసి చెప్పింది. అంటే ఈ మార్పుల్లో కొన్నయినా నొప్పి వెంట వచ్చినవే, నొప్పి వెంట పోగలిగినవే. మోకాలి నొప్పులతో, తుంటి నొప్పులతో "నా బుర్ర కూడా పనిచేయట్లేదు, ఏదీ గుర్తుండట్లేదు" అని కుమిలిపోయే పెద్దవాళ్లు ఈ ముక్క చదవాలని నా కోరిక.

ఇక్కడ ఒక మాట. ఇది చదివి ఎవరూ మెదడు ఎమ్మారై తీయించుకోవడానికి పరుగెత్తకండి. ఆ కొలతలు పరిశోధన కోసం, చాలామంది సగటు మీద చూసినవి. ఒక్క మనిషి స్కానింగులో ఈ జబ్బు పట్టుబడదు, రక్తపరీక్షలోనూ తేలదు. చేతిని చూసి, రోగి మాట విని నిర్ధారించాల్సిన జబ్బు ఇది. అందుకు ఖరీదైన యంత్రం అక్కర్లేదు, కాసింత ఓపిక చాలు. దానికే మన దగ్గర కరువొచ్చింది. ఇంకా చెప్పాలంటే శాస్త్రవేత్తలందరూ కూడా ఒక్క మాట మీద లేరు. చెయ్యి పోయినవాళ్లలో చాలామందికి ఆ లేని చేతిలోనే నొప్పి తెలుస్తుంది. వాళ్లలో మెదడు పటం ఎంత మారితే అంత నొప్పి అని 1995లో హెర్టా ఫ్లోర్ బృందం చెప్పింది. 2013లో ఆక్స్‌ఫర్డ్‌లో టమార్ మాకిన్ బృందం, నొప్పి ఎక్కువ ఉన్నవాళ్ల మెదడులోనే లేని చేతి పటం చెక్కుచెదరకుండా ఉందని తేల్చింది. పటం ఎలా మారుతుందన్న దాని మీద వాదన ఉంది. నొప్పి నిజమన్న దాని మీద వాదన లేదు.

లేని అవయవం నొప్పి అంటే చాలామందికి వింతగా ఉంటుంది. మందస వైపు కొబ్బరికాయలు దింపే ఒక మనిషి నాకు తెలుసు. చెట్టు మీంచి పడ్డ గాయం ముదిరి మోకాలి కింద నుంచి కాలు తీసేశారు. తీసేసిన పాదం వేళ్లు ఒకదాని మీద ఒకటి మెలిపడి బిగుసుకుపోయాయని, విప్పుదామంటే విడటం లేదని రాత్రుళ్లు అరిచేవాడు. ఇంట్లోవాళ్లు గాలి సోకిందనుకుని తాయెత్తు కట్టించారు. వాళ్లనేం అంటాం, వాళ్లకి ఎవరూ చెప్పలేదు. కాలు తీసినవాళ్లలో చాలామందికి ఇలాంటి నొప్పి ఉంటుందని, కాలు పోయినా మెదడులో కాలు ఉండిపోతుందని ఆపరేషన్ చేసినచోట ఒక్కరు ముందే చెప్పి ఉంటే ఆ కుటుంబం అంత భయపడేది కాదు. అప్పు చేసేదీ కాదు.

ఈ నొప్పికి అద్దంతో వైద్యం చేయవచ్చని 1990లలో చూపించినది మన పక్క రాష్ట్రం తమిళనాడులో పుట్టి, చెన్నై స్టాన్లీ మెడికల్ కాలేజీలో చదువుకున్న వి.ఎస్. రామచంద్రన్. అమెరికాలో పనిచేస్తూ ఆయన అద్దం పెట్టె తయారుచేశాడు. ఉన్న చేతిని అద్దం ముందు పెట్టి కదిలిస్తే అద్దంలో లేని చెయ్యి కదులుతున్నట్టు కళ్లకి కనిపిస్తుంది. బిగుసుకున్న చెయ్యి విచ్చుకున్నట్టు కొందరికి అనిపించి ఉపశమనం వస్తుంది. మందస మనిషి బీరువా అద్దం ముందు కూర్చుని, ఫిజియోథెరపిస్టు చెప్పినట్టు బాగున్న పాదాన్ని నెమ్మదిగా ఆడిస్తూ అద్దంలోకి చూసేవాడు. పూర్తిగా తగ్గిందని నేను రాయను. రాత్రుళ్లు నిద్రపోతున్నాడు.

అద్దాన్ని నా జబ్బుకి వాడే పద్ధతి మీద 2000 తర్వాత బ్రిటన్‌లోనూ ఆస్ట్రేలియాలోనూ పని జరిగింది. ఆస్ట్రేలియాకి చెందిన లోరిమర్ మోజ్లీ 2004లో మణికట్టు విరిగాక సీఆర్‌పీఎస్ వచ్చినవాళ్ల మీద ఒక వరసక్రమం ప్రయత్నించి ఫలితం చూపించాడు. మొదట కొన్ని వారాలు కుడి ఎడమ బొమ్మలు గుర్తుపట్టడం. తర్వాత చెయ్యి కదపకుండా, కదిపినట్టు ఊహించుకోవడం. ఆ తర్వాతే అద్దం. చాలా కొద్దిమందితో చేసిన అధ్యయనం అది, అందరికీ పనిచేస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. నాకు మేలు చేసింది. దాంతోపాటు స్పర్శని అలవాటు చేయడం కూడా చేశాను. మొదట దూది, తర్వాత పట్టుగుడ్డ, తర్వాత నూలు తువ్వాలు, ఆఖరికి గిన్నెడు బియ్యంలో చెయ్యి పెట్టి వేళ్లు ఆడించడం. బియ్యం దాకా రావడానికి చాలా కాలం పట్టింది. ఈ ఉత్తరం ఆగి ఆగి రాసినా ఆ చేత్తోనే రాశాను.

ఇప్పుడు ఉద్దానానికి వస్తాను, నా అసలు బెంగ ఇక్కడే ఉంది.

మా వీధి చివర ఒకావిడ జీడిపిక్కల పనికి వెళ్తుంది. బస్తా దింపుతుంటే చెయ్యి దాని కింద పడి నలిగింది. ఎముక విరగలేదు. వాపు తగ్గాక మంట మొదలైంది, చెయ్యి నీలంగా మారింది. జీడిపప్పు మీద పొట్టు తీయాలంటే వేళ్ల కొసలతో చేయాలి, కూలి కిలోల లెక్కన ఇస్తారు. వేళ్లు వంగకపోతే కూలి లేదు. పనిచేసే చోట నమ్మలేదు. ఉపాధి హామీ పనికి వెళ్తే, పని ఎగ్గొట్టడానికి చెయ్యి చూపిస్తోందన్నారు. "టీచరమ్మా, నాను నాటకాలాడతన్నానంట. మా ఇంటాయన కూడా అదే మాట. ఈ సెయ్యి సూస్తే నాకే బయమేస్తంది" అని నా దగ్గర కూర్చుని ఏడ్చింది. ఆవిడ ఏం చేస్తోందో తెలుసా? పొద్దున ఒక నొప్పి మాత్ర, మధ్యాహ్నం ఒకటి, పనికి వెళ్లాల్సిన రోజున సూది. డాక్టరు చీటీ లేకుండానే దొరుకుతున్నాయి.

డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటి మాత్రలు రోజుల తరబడి వాడితే కిడ్నీలకి ముప్పని పలాసలో ఏ కిడ్నీ డాక్టరైనా చెబుతారు. ఉద్దానంలో కిడ్నీ జబ్బు అసలు కారణం ఇదీ అని ఇంకా ఎవరూ తేల్చలేదు, నొప్పి మాత్రలే కారణమని నేను అనడం లేదు. కానీ కిడ్నీలు ముందే బలహీనంగా ఉండే అవకాశం ఉన్న ప్రాంతంలో ఈ మాత్రలు గుప్పిళ్లతో మింగడం ఎంత ప్రమాదమో ఆలోచించండి. పైగా ఇవి వాపు నొప్పికి పనిచేసే మందులు. నరాలు, వెన్నుపాము, మెదడు దారి తప్పిన నొప్పికి అంతగా లొంగవు. లొంగదు కాబట్టి ఇంకో మాత్ర వేసుకుంటారు. అదీ లొంగదు. ఆ నొప్పికి వాడే మందులు వేరే ఉన్నాయి. అమిట్రిప్టిలీన్ కొద్ది మోతాదులో ఇస్తారు, గాబాపెంటిన్, ప్రిగాబాలిన్ ఇస్తారు. వాటిలో చివరి రెండూ కిడ్నీల ద్వారానే బయటికి పోతాయి కాబట్టి కిడ్నీ పనితీరు చూసి మోతాదు తగ్గించి ఇవ్వాలి. అది డాక్టరు మాత్రమే చేయాల్సిన పని. దయచేసి ఈ పేర్లు చదివి షాపుకి వెళ్లి అడగకండి.

ఇంకో అలవాటు కూడా మన దగ్గర చెడుపు చేస్తోంది. ఎముక విరిగితే "కదపకు, కదపకు" అంటాం. నాటు కట్టయినా సిమెంటు కట్టయినా విప్పాక కూడా భయంతో చేతిని తువ్వాలుతో మెడకి వేలాడదీసుకుని తిరుగుతాం. కుడిచెయ్యి విరిగి కనీసం 2 వారాలు కదపకుండా ఉంచినవాళ్లని 2012లో జ్యూరిక్‌లో స్కానింగ్ చేస్తే, ఆ చేతిని నడిపే మెదడు భాగం మందం తగ్గినట్టు కనిపించింది. 2 వారాలకే! ఎముక అతకడానికి ఎన్నాళ్లు కట్టు ఉండాలో అన్నాళ్లు ఉండాల్సిందే, అందులో రాజీ లేదు. కానీ కట్టు లోపలి నుంచి బయటికి కనిపించే వేళ్లనీ, మోచేతినీ, భుజాన్నీ డాక్టరు కదపమన్నంత మేరకు మొదటి రోజు నుంచే కదపాలి. నాకు కట్టు వేసినచోట ఈ మాట ఎవరూ చెప్పలేదు. ఒక్క కాగితం ముక్క మీద తెలుగులో అచ్చువేసి చేతిలో పెట్టినా సరిపోయేది.

నేను అడిగేవి గొంతెమ్మ కోరికలు కావు. కట్టు విప్పిన ప్రతి రోగినీ కొన్ని వారాల తర్వాత ఒకసారి పిలిచి, చెయ్యి రంగు, వాపు, చెమట, వేళ్ల కదలిక చూసి, గుడ్డ తగిలితే మంట ఉందా అని అడగండి. దానికి ఎక్స్‌రే కూడా అక్కర్లేదు. అనుమానం వస్తే వెంటనే ఫిజియోథెరపీకి పంపండి. మొదటి నెలల్లో పట్టుకుంటే చాలామందికి బాగా తగ్గే జబ్బు ఇది. ఏళ్లు గడిచాక కదిలించడం చాలా కష్టం. మాలాంటివాళ్లు ఫిజియోథెరపీ కోసం శ్రీకాకుళం వెళ్లాలంటే డెబ్బై కిలోమీటర్ల పైమాట, లేదంటే రైలెక్కి విశాఖపట్నమో బరంపురమో పోవాలి. బస్సు కుదుపుకి ఆ చెయ్యి ఎంత మండుతుందో అనుభవించినవాళ్లకే తెలుసు. కూలి పోగొట్టుకుని వారం వారం ఎవరు వెళ్లగలరు? ప్రతి సామాజిక ఆరోగ్య కేంద్రంలో ఒక ఫిజియోథెరపిస్టు రోజూ ఉండాలి. ఆ అద్దం వైద్యానికి పరికరాల ఖర్చు ఒక అద్దం, కొన్ని బొమ్మల అట్టలు. ఉద్దానంలో ప్రభుత్వం ఎన్నో కోట్లు పెట్టింది, ఇది అందులో ఒక మూలకి రాదు.

వైద్య కళాశాలల్లో వారానికి ఒక పూటైనా నొప్పి కోసమే ప్రత్యేకంగా ఓపీ పెట్టాలి. కాళ్లూ చేతులూ తీసేసే ఆపరేషన్‌కి ముందే లేని అవయవం నొప్పి గురించి ఇంట్లోవాళ్లకి తెలుగులో చెప్పాలి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలు ఉన్నాయి, దీర్ఘకాలిక నొప్పికి వాటిలో విడిగా చోటు లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నుంచి అమల్లోకి తెచ్చిన జబ్బుల వర్గీకరణలో దీర్ఘకాలిక నొప్పికి తనదైన స్థానం ఇచ్చింది. 3 నెలలకి మించి ఉంటే దీర్ఘకాలికమే అంది. మన చట్టం కూడా ఆ దారిలో ఆలోచించాలని మన ప్రజాప్రతినిధులు అడగాలి. పెద్ద పని, ఒక్క రోజులో అయ్యేది కాదని తెలుసు.

జీడి వ్యాపారం చేసే పెద్దలకి నాదొక విన్నపం. చెయ్యి నలిగిన మనిషిని పనిలోంచి తీసేయకండి. కొన్నాళ్లు చేతి మీద భారం పడని పని ఇవ్వండి. కదలిక ఈ జబ్బుకి మందు, కూలి ఆ ఇంటికి మందు. ఇంట్లో మగవాళ్లకీ ఇదే చెబుతాను. చెయ్యి రంగు మారడం, చెమట పట్టడం ఎవరూ నటించలేరు. ఒక్కసారి ఆవిడ రెండు చేతులూ పక్కపక్కన పెట్టి చూడండి.

మా వీధి ఆవిడని ఇంటాయనతో సహా విశాఖపట్నం తీసుకెళ్లాను. ఆ అమ్మాయి ఆయన్ని ఎదురుగా కూర్చోబెట్టి, పటం గీసి, మెదడులో చేతి చోటు ఎక్కడుందో చూపించి చెప్పింది. ఆయన తిరుగు రైల్లో ఏమీ మాట్లాడలేదు గానీ సంచి ఆవిడ చేతికి ఇవ్వలేదు. ఆవిడ సూదులు మానేసింది. ఇంకా బొమ్మల దశలోనే ఉంది, అద్దం దాకా రాలేదు.

ఈ ఉత్తరం చదివి ఇంట్లో అద్దంతో మొదలుపెడదామనుకునేవాళ్లు ఉంటారు, అందుకని ఇది తప్పకుండా అచ్చువేయండి. చెయ్యి బాగా మంటగా, వాపుగా ఉన్నప్పుడు తొందరపడి అద్దం ముందు కూర్చుంటే నొప్పి, వాపు పెరిగే ప్రమాదం ఉంది. కొందరికి కదలిక ఊహించుకున్నా పెరుగుతుంది. వరస తప్పకూడదు, పక్కన తెలిసినవాళ్లు ఉండాలి. చక్కెర జబ్బు ఉన్నవాళ్లు, గాయం ఇంకా మానని వాళ్లు ముందు డాక్టరుకి చూపించుకోవాలి. మా మండలాల్లో ఏ డ్వాక్రా సంఘం వాళ్లు, ఏ హైస్కూలు వాళ్లు పిలిచినా వచ్చి ఈ సంగతులు బోర్డు మీద బొమ్మ వేసి చెప్పడానికి నేను సిద్ధం.

ఇట్లు,
విశ్రాంత జీవశాస్త్ర ఉపాధ్యాయిని,
కాశీబుగ్గ, శ్రీకాకుళం జిల్లా.